కుంకుమ బొట్టు కింద బ్రాకెట్టు

ఇరవై రెండేళ్ళ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ విషయాన్నయినా సరే, కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, అటు కొంత ఇటు కొంత రాసేస్తే తేలిపోతుందని. ఆ రోజుల్లో మద్రాసులో ఆటోమొబైల్ డిప్లొమా చదివి వచ్చిన కుర్రవాడికి బళ్ళారిలో ఉద్యోగం దొరకడం కష్టంగాని నమ్మకాలు కావలసినన్ని దొరికేవి. మా జిల్లా మద్రాసు నుంచి మైసూరుకు మారి ఇంకా కాగితాలు సర్దుకోలేదు. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, బజారులో ఉర్దూ, బండ్ల కాగితాల్లో ఇంగ్లీషు. ఈ నాలుగింటిలోనూ నేను జాబితాలు రాయగలిగేవాణ్ణి. రాసిన జాబితాల్లో చాలావాటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్కటి మాత్రం ఒక మనిషి కాలు విరిచింది. ఇది దాని గురించి. నవ్వుతూ చెప్పాలనే మొదలుపెడుతున్నాను. మధ్యలో నవ్వు ఆగితే (ఆగుతుంది) చదివేవాళ్ళు మన్నించాలి.

సత్యనారాయణపేటలో మా మేనమామ ఇంటి ముందుగదే ఇన్సూరెన్సు ఆఫీసు. మామ ఒక మద్రాసు కంపెనీకి ఏజెంటు. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఇనుప పెట్టె, పెట్టెలో మూడు నమూనా పాలసీలు ఉండేవి: కారుది ఒకటి, మోటారుసైకిలుది ఒకటి, లారీది ఒకటి. ఎవరైనా వచ్చి "ఇన్సూరు అంటే ఏందప్పా" అని అడిగితే మామ వాటిని తీసి బల్ల మీద పరిచేవాడు. మా వైపు దసరాకు ఆయుధపూజ ఘనంగా చేస్తారు. లారీలవాళ్ళు లారీలకు, దర్జీలు కత్తెరలకు, రైతులు నాగళ్ళకు బొట్లు పెడతారు. మామ ఆయుధాలు ఈ మూడు కాగితాలే. ఏటా వాటిని పీట మీద పెట్టి, పసుపు నీళ్ళతో తడిపిన కుంకుమ బొట్టు ఒక్కోదానికి ఒక్కోటి, ప్రతి ఏడూ కొత్త పుట చూసి పెట్టేవాడు. నేను చేరేనాటికి కారు పాలసీకి ఎనిమిది బొట్లున్నాయి. వాటిని గోకడం, తుడవడం ఆ ఇంట్లో నిషేధం. మా అత్త శాసనం అది. బొట్టు చెరిపితే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు. మేమూ అడగలేదు.

నాకు పని తక్కువ, కాగితం ఎక్కువ. కాబట్టి చేరిన మొదటి నెలలోనే కారు పాలసీనీ మోటారుసైకిలు పాలసీనీ పక్కపక్కన పెట్టుకుని, నడిమి గీత గీసి, రెండింటికీ ఉన్న చుట్టరికం పదిహేడు అంశాల్లో తేల్చాను. మొదటి అంశం: కారుకు నాలుగు చక్రాలు, మోటారుసైకిలుకు రెండు (నిజంగానే రాశాను). రెండో అంశం: కారు మనిషిని లోపల కూర్చోబెట్టుకుంటుంది, మోటారుసైకిలు బయట కూర్చోబెట్టుకుంటుంది. అలా పోయి పోయి పదహారో అంశం దగ్గర నా పెన్సిలు ఆగింది. కారు పాలసీ మూడో పుటలో ఒక వాక్యం ఉంది. పాలసీదారు తనది కాని మరే ప్రైవేటు మోటారు బండినైనా తానే స్వయంగా నడుపుతూ ఎవరినైనా గాయపరిస్తే, దానికీ కంపెనీ పూచీపడుతుందని దాని సారాంశం. ఆ వాక్యం మధ్యలో ఒక బొట్టు ఉంది. బొట్టుకు ముందు మాటా తర్వాతి మాటా చక్కగా అతికిపోయాయి, వాక్యంలో లోటేమీ కనపడలేదు. మోటారు బండి అంటే చట్టం ప్రకారం మోటారుసైకిలు కూడా. ఆ సంగతి చట్టం పుస్తకం తీసి మరీ చూసుకున్నాను. పదహారో అంశం కింద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు గీశాను.

ఆ పెన్సిలు కింద పెట్టకముందే అన్నట్లు హచ్చొళ్ళి నుంచి దొడ్డప్ప వచ్చాడు. దొడ్డప్ప అంటే కన్నడంలో పెదనాన్న. ఆయన ఎవరికి పెదనాన్నో నాకు తెలియదుగాని ఊరంతా అలాగే పిలిచేవాళ్ళు. కాలవ నీళ్ళు వచ్చాక వరి పండించి బాగుపడ్డ కుటుంబం. ఎమ్మిగనూరులో చెరుకు తోట కూడా ఉంది. ఆయనకొక నల్ల కారు. దాన్ని ఆయనే నడిపేవాడు, తలపాగా పైకప్పుకు తగలకుండా మెడ కాస్త వంచి. ఆయన తమ్ముడికొక మోటారుసైకిలు. ఆ తమ్ముడు నిద్రలో తప్ప తక్కిన వేళల్లో నల్ల కళ్ళద్దాలు తీసేవాడు కాదు గనక ఆయనకు గాగుల్సప్ప అని పేరు పడింది. ఆ రోజు అన్నదమ్ములిద్దరూ దిగులు ముఖాలతో వచ్చారు (తమ్ముడి దిగులు కళ్ళద్దాల కింది భాగంలో మాత్రమే కనిపించింది).

"ఏజెంటప్పా, మా తమ్ముని ఫటఫటికి ఇన్సూరు ఇయ్యము అంటాండారంట, నిజమేనా?" అన్నాడు దొడ్డప్ప.

"నేనేం చేసేదప్పా. మద్రాసోళ్ళు జాబు రాసినారు. రెండుసార్లు కాలవలో పడినాడు, ఒకసారి బర్రెను గుద్దినాడు. ఇంగ ఈ బండి మాకొద్దు అనేసినారు."

"బర్రెదే తప్పు," అన్నాడు గాగుల్సప్ప. "పక్కకు తిరిగేటప్పుడు సిగ్నలు చూపీలేదు."

"వేరే కంపెనీలో చేపిస్తే?" అన్నాడు దొడ్డప్ప.

మామ తల అడ్డంగా ఊపాడు. "యాడికి పోయినా ఫారంలో ఒక ప్రశ్న ఉంటాదప్పా, ఇంతకు మునుపు ఏ కంపెనీ అయినా వద్దనిందా అని. నిజం రాస్తే వాళ్ళూ వద్దంటారు. అబద్ధం రాస్తే పాలసీ ఉండీ లేనట్లే."

అవి నాట్ల రోజులు. గాగుల్సప్ప పొద్దున హచ్చొళ్ళి మడుల్లో, మధ్యాహ్నం ఎమ్మిగనూరు తోటలో ఉండాలి. కాలవ గట్ల మీద కారు పోదు. ఇన్సూరు లేని బండి రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు. పట్టుకోకపోయినా దొడ్డప్ప ఒప్పుకోడు, చట్టం అంటే ఆయనకు భక్తి. గదిలో ముగ్గురు పెద్దవాళ్ళు తలలు దించుకుని కూర్చున్నారు. నాలుగోవాణ్ణి నేను, నా చేతిలో పదిహేడు అంశాల కాగితం. అలాంటి సందర్భం కోసమే నేను చదువుకున్నాననిపించింది.

"దొడ్డప్పా, కారు పాలసీ నీ పేరు మీదే ఉండాది కదా? బండి తమ్మునిది. నీది కాదు. అట్లయితే ఆ బండిని నువ్వే నడిపితే నీ కారు పాలసీనే దానికీ చాలు. వేరే పాలసీ అక్కర్లేదు," అన్నాను.

దొడ్డప్ప తలపాగా సర్దుకున్నాడు. "అంటే మా ఇంటి పట్టా మాదిరి అంటావు. పట్టా నా పేరు మీద ఉండాది. కింద తమ్ముడుండాడు, వాని పిల్లోళ్ళుండారు. అందరికీ అదే నీడ."

"హౌదు దొడ్డప్పా, అదే! కాకపోతే ఈడ దున్నేది నువ్వే అయ్యుండల్ల."

ఈ పోలికకు నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. సాయంత్రం కూర్చుని పద్దెనిమిదో అంశంగా రాసుకున్నాను కూడా: కారు అన్న, మోటారుసైకిలు తమ్ముడు, ఉమ్మడి కుటుంబం. మామ మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అల్లుడా, మద్రాసుకు ఒక కార్డు రాసి అడుగుదామా?" అన్నాడు. "అడిగేదేముంది మామా, వాక్యం అద్దంలా ఉంది," అన్నాను. ఆ రోజుల్లో నేను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకునే వీలుంటే, ముందుగా తీసుకునేది ఆ ఒక్క మాటను.

యాభై రెండేళ్ళ దొడ్డప్పకు మోటారుసైకిలు నేర్పే పని సహజంగానే నాకు పడింది. హచ్చొళ్ళిలో వాళ్ళ కళ్ళం నునుపుగా అలికి ఉంది. దాని మీద వారం రోజులు నేర్పాను. నేర్పవలసినవి పద్నాలుగు అంశాలుగా రాసి, ఆయన నేర్చుకున్నదాని పక్కన టిక్కు పెడుతూ పోయాను. కుడిచేతి పిడి తిప్పితే వేగం, టిక్కు. ఎడమచేతి క్లచ్చి, టిక్కు. కుడికాలి కింద గేరు, టిక్కు. పదకొండో అంశం బ్రేకు. ఆ ఇంగ్లీషు బండికి బ్రేకు ఎడమకాలి కింద ఉంటుంది. దొడ్డప్ప ఆపవలసి వచ్చినప్పుడల్లా పిడి వదిలేసి, రెండు చెప్పులూ నేలకు రాసుకుంటూ, పొగరెక్కిన కోడెను నిలబెట్టినట్లు బండిని నిలబెట్టేవాడు. "దొడ్డప్పా, బ్రేకు ఏ కాలు?" అని అడిగితే మాత్రం, "ఎడమకాలు. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు, సాకు, ఇంగ చాలు," అని ఠకీమని చెప్పేవాడు. సమాధానం సరిగ్గా ఉంది కాబట్టి టిక్కు పెట్టేశాను. (ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. పద్నాలుగు టిక్కులూ ఒకే పొడుగు.)

ఆ తర్వాత ఒక నెల రోజులు సిరుగుప్ప దారిలో ఒక ఊరేగింపు నడిచింది. ముందు తలపాగాతో, తెల్ల పంచె మోకాళ్ళపైకి ఎగ్గట్టి దొడ్డప్ప. వెనక నల్ల కళ్ళద్దాలతో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని, బండి సొంతదారు గాగుల్సప్ప. మడి దగ్గర తమ్ముణ్ణి దించి అన్న గట్టు మీద కూర్చుంటాడు. తమ్ముడి పని అయ్యాక మళ్ళీ ఎక్కించుకుని తోటకు తీసుకుపోతాడు. దుమ్మంతా అన్న కళ్ళల్లో, అద్దాలేమో తమ్ముడి కళ్ళకు. "ఏం గాగుల్సప్పా, కొత్త డ్రైవరా? జీతం ఎంతిస్తాండావు?" అని టీ అంగడివాళ్ళు కేకలేసేవాళ్ళు. కాలవ వంతెన దగ్గర ఎప్పుడూ ఎదురుపడే జట్కా సాబు మాత్రం గుర్రాన్ని పక్కకు లాగి, లేచి నిలబడి సలాము చేసి, "దొడ్డప్పా, నక్కోప్పా, వద్దు ఈ షోకు. నా గుర్రం కూడా నిన్ను చూసి భయపడ్తా ఉంది," అనేవాడట. సాబు సిరుగుప్ప బస్టాండు నుంచి చుట్టుపక్కల ఊళ్ళకు మనుషుల్ని తోలేవాడు. ఆ దారిలో పాతికేళ్ళుగా అదే పని. భార్య, పెళ్ళి కావలసిన కూతురు, ఒక తెల్ల గుర్రం ఆయన సంసారం. ఊరేగింపు సంగతులన్నీ మామ ఆఫీసుకు వచ్చి చేరుతుంటే నేను గర్వంగా నవ్వేవాణ్ణి. ఒక కాగితపు వాక్యాన్ని లోకంలో నడిపించి చూపించినవాణ్ణి కదా.

ఒక సోమవారం పొద్దున, నేను పళ్ళు తోముకుంటుండగా, నల్ల కారు మా వీధిలోకి వచ్చి ఆగింది. దొడ్డప్ప తలపాగా లేకుండా దిగాడు. అంతకుముందు నేనాయన తల ఎన్నడూ చూడలేదు. ముందు సీటులో గాగుల్సప్ప ఉన్నాడు, వెనక సీటులో జట్కా సాబు అడ్డంగా పడుకుని ఉన్నాడు. కుడికాలికి అటూ ఇటూ రెండు చెరుకు గడలు పెట్టి దొడ్డప్ప తలపాగాతో చుట్టారు. తలపాగా సగం ఎర్రగా ఉంది.

"ఇంజినీరప్పా," అన్నాడు దొడ్డప్ప. గొంతు మామూలుగానే ఉంది. "కాగితం తీసుకోని రాప్పా. ఆస్పత్రికి పోదాం."

దారిలో గాగుల్సప్ప చెప్పాడు. కాలవ వంతెన మలుపులో ఎదురుగా గడ్డి బండి వచ్చింది. ఇటు పక్కన సాబు జట్కా ఆపి, దిగి, గుర్రం కడుపు పట్టీ బిగిస్తున్నాడు. మధ్యలో చోటు లేదు. "అన్న కాలు నొక్కినాడు. నేను వెనకాల నుంచి చూస్తానే ఉండా, గట్టిగా నొక్కినాడు. బండి నిలబడల్ల కదా? ఇంగా ఎగిరి పోయింది."

"ఏ కాలు?" అన్నాను. అడగకుండా ఉండవలసింది.

స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తున్న దొడ్డప్ప తల తిప్పకుండానే కుడికాలు ఎత్తి చూపించాడు. కారు తోలే మనిషికి ఆపడమంటే కుడికాలే. నోటికి ఎడమకాలని నేర్పాను, కాలికి నేర్పలేదు. కుడికాలి కింద ఆ బండిలో ఉన్నది గేరు. నొక్కితే ఇంకా పై గేరు పడుతుంది.

వెనక సీటులోంచి సాబు, "నా గుర్రం యాడుంది?" అని అడిగాడు. ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికి తెలిసింది. గుర్రం ఖాళీ జట్కాను లాక్కుంటూ తనంతట తాను సిరుగుప్పలో సాబు ఇంటి ముందుకు పోయి నిలబడిందట. సంగతి ఇంట్లోవాళ్ళకు ముందుగా చెప్పింది అదే.

ఆస్పత్రిలో సాబు డాక్టరును ఒకటే అడుగుతుండేవాడు: "జట్కా ఎక్కుతానా, ఎక్కనా?" మోకాలు చిప్ప ముక్కలైంది, కాలు ఇక వంగదు అని డాక్టరు పది రోజులకు తేల్చి చెప్పాడు. కాలు వంగనివాడు జట్కా ముందుపలక మీద కూర్చోలేడు. సాబు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "భయం లేదు సాబూ, పాలసీ ఉంది. కంపెనీ ఇస్తాది. బస్టాండు దగ్గర సోడా అంగడి పెట్టుకోవచ్చు, కూర్చుని చేసే పని," అని చెప్పాను. అంగడికి కావలసిన సామాను జాబితా కూడా ఆయనకు చదివి వినిపించాను: సోడా యంత్రం, రెండు బెంచీలు, గోళీ సీసాలు నాలుగు డజన్లు. సాబు అంతా విని, గోడ వైపు నుంచి ఇటు తిరిగి, "గోళీ సీసాలు ఆరు డజన్లు రాయప్పా, పిల్లోళ్ళు పగలగొడ్తారు," అన్నాడు. రాసుకున్నాను.

పరిహారం కోరుతూ కంపెనీకి రాస్తే, మద్రాసు నుంచి జాబు మూడు వారాలకు వచ్చింది. మామ చదివాడు, మళ్ళీ చదివాడు, నాకు అందించాడు. మర్యాదగానే రాశారు. మూడో పుటలో మీరు పేర్కొన్న వాక్యంలోని బ్రాకెట్టును దయచేసి గమనించగలరు, అని.

"అల్లుడా, మన దాంట్లో బ్రాకెట్టు ఉండాదా?"

"లేదు మామా."

ఇనుప పెట్టె తీశాము. మూడో పుట. వాక్యం. వాక్యం మధ్యలో బొట్టు, పాత పైసా అంత. మామ దాని అంచు మీద గోరు పెట్టాడు. వంటింటి గడప దగ్గర నుంచి అత్త, "శుక్రవారం పూట బొట్టు చెరుపుతారా ఎవరన్నా!" అంది. మామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను ఆ కాగితం తీసుకుపోయి కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా, వెనక్కి తిప్పి పట్టుకున్నాను. ఎర్రటి మచ్చలోంచి అక్షరాలు కుడి ఎడమలు తారుమారై కనిపించాయి. చిన్న బ్రాకెట్టు. (మోటారుసైకిలు తప్ప.) అది లేకుండానే వాక్యం చక్కగా నడిచింది. సాబు నడవలేదు.

మర్నాడు దొడ్డప్ప దగ్గరున్న అసలు పాలసీ తెప్పించి చూశాను. అది హచ్చొళ్ళిలో దేవుడి గదిలో, పటం వెనక, బట్టలో చుట్టి ఉంది. వాళ్ళు బొట్టు పెట్టింది ఆ బట్టకే, కాగితానికి కాదు. బ్రాకెట్టు శుభ్రంగా, కొత్తగా ఉంది. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలవాళ్ళు లేరు. చదవగలిగిన నేను ఒక్కసారి కూడా దాన్ని చూపించమని అడగలేదు.

సాయంత్రం ఆస్పత్రిలో సాబు మంచం చుట్టూ అందరం చేరాము. జాబు సంగతి మామ చెప్పాడు. ఎందుకలా జరిగిందో మాత్రం చెప్పలేదు. అది నాకు వదిలిపెట్టాడు, నేను నోరు విప్పలేదు. కొంతసేపటికి గాగుల్సప్ప గొంతు తగ్గించి, "కారుకు ఇన్సూరు ఉండాది కదా? కారే తగిలిందని రాసేస్తే పాయె. ఎవురు చూసినారు? గడ్డి బండోడు మనోడే," అన్నాడు.

సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, ఆ మాట వినగానే నా బుర్ర ఏం మార్చాలో జాబితా వేసేసింది. ఒకటి, కారు ముందు బంపరు మీద సొట్ట. రెండు, గాయం ఎత్తు. మూడు, రోడ్డు మీద టైర్ల గుర్తులు. నాలుగు వరకు వచ్చాక దొడ్డప్ప అన్నాడు: "దెబ్బ తగిలినోడు సాబు. ఆయప్పే చెప్పల్ల."

సాబు దుప్పటి సర్దుకున్నాడు. సోడా అంగడి, బెంచీలు, ఆరు డజన్ల గోళీ సీసాలు ఆయన కళ్ళ ముందు ఉన్నాయని నాకు తెలుసు. వాటిని అక్కడ పెట్టింది నేనే.

"నక్కోప్పా," అన్నాడు చివరికి. "పాతికేండ్లు ఆ దారిలో తోలినా. కారు వస్తా ఉందంటే మైలు ముందే తెలుస్తాది నాకు, పక్కకు తీస్తా. సాబు కారు కింద పడినాడంటే రేపు జట్కావాళ్ళంతా ఏమంటారు? ముసలోడికి కండ్లు పోయినాయి అంటారు. ఫటఫటి కింద పడినాడంటే..." ఆయన దొడ్డప్ప వైపు చూశాడు. మూతి మీద చిన్న నవ్వు. "ఆ గుడ్డితనం నాది కాదు."

దొడ్డప్ప కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. "నిజమే సాబూ. ఆ గుడ్డితనం నాది."

అప్పుడు నేను స్టూలు మీద నుంచి లేచాను. "నీది కాదు దొడ్డప్పా, నాది," అన్నాను. బొట్టు సంగతి, కార్డు రాయనివ్వని సంగతి, పదకొండో అంశం పక్కన పెట్టిన టిక్కు సంగతి, వరసగా అన్నీ చెప్పాను. వరసగా చెప్పడం ఒక్కటే నాకు చేతనైంది. గాగుల్సప్ప నన్ను తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసేశాడు. అద్దాల వెనక మామూలు మనిషి కళ్ళే ఉన్నాయి, ఎర్రగా. దొడ్డప్ప మాత్రం, "నువ్వు చదువుకొన్నోడివి నాయనా. బొట్టు కింద చూడల్లని ఏ బడిలో చెప్తారు," అన్నాడు. ఆయన నన్ను చెంప మీద కొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

తర్వాత ఆయన మామ వైపు తిరిగాడు. "అయితే ఏజెంటప్పా, కారుకూ ఫటఫటికీ భాగాలు పంచేసినారన్నమాట, మద్రాసులో. మాకు చెప్పకుండా." లేచి సాబు మంచం దగ్గరకు వెళ్ళి, "మా ఇంట్లో ఇంకా పంచలేదు సాబూ," అన్నాడు.

ఆ ఏడు వరి నూర్పిళ్ళప్పుడు నేను హచ్చొళ్ళి వెళ్ళాను. కళ్ళంలో ధాన్యం రాశి ఇంటికి చేరకముందు ఊరి పనివాళ్ళకు కొలిచే వాటాలుంటాయి. వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి, కుమ్మరి, నీళ్ళు కట్టేవాడు. తాతల నాటి నుంచి వస్తున్న ఆ ఆరుగురి వరసలో దొడ్డప్ప ఏడోవాణ్ణి చేర్చాడు. చంక కింద కర్రతో సాబు వచ్చి నిలబడ్డాడు. చేట ఎత్తగానే, "ఆగప్పా," అన్నాడు. "వడ్రంగి నాగలి చేస్తాడు, తీసుకుంటాడు. నేనేం చేసినానని తీసుకోవల్ల? భిక్షమయితే నక్కో." దొడ్డప్ప చేట దించాడు. సాబే ఆలోచించి చెప్పాడు. వంతెన మలుపు దగ్గర ఒక రాయి మీద తాను కూర్చుంటాడు. ఎదురుగా బండ్లు వస్తుంటే ఎర్రగుడ్డ ఊపి ఆపుతాడు. అది ఊరి పని, దానికి ఊరి వాటా. దొడ్డప్ప, "ఆయ్తు," అన్నాడు. చేట నిండింది.

అలా సాబు వంతెన మీద చేరాడు. గాగుల్సప్ప మళ్ళీ మోటారుసైకిలు ఎక్కలేదు. అది గుడ్డ కప్పుకుని దొడ్డిలో ఉండిపోయింది, ఆ గుడ్డ కింద కోళ్ళు గుడ్లు పెట్టేవి. నల్ల కళ్ళద్దాలు మాత్రం ఆయన సాబుకిచ్చేశాడు, వంతెన దగ్గర దుమ్మెక్కువని. అవి పెట్టుకుని, చేతిలో ఎర్రగుడ్డతో, వంగని కాలు ముందుకు చాపుకుని సాబు కూర్చుంటే కొత్తగా ఆ దారిన వచ్చిన లారీవాళ్ళు ఎవరో పెద్ద ఆఫీసరనుకుని దిగి కాగితాలు చూపించేవాళ్ళట. సాబు వాటిని తిరగేసి, వెలుతురుకు పట్టి చూసి, "సరిగా ఉండాయి, పోండి," అనేవాడట. (ఆయనకు ఏ భాషలోనూ చదువు రాదు. వెలుతురుకు పట్టి చూడడం నా కథ విని నేర్చుకున్నాడు.) గుర్రాన్ని అమ్మేశారు. సోడా అంగడి జాబితా నా పెట్టెలో ఉండిపోయింది.

నేను ఇన్సూరెన్సు వదిలేసి కాలవ శాఖ వర్కుషాపులో చేరాను. మామ బతిమాలాడుగాని ఉండలేకపోయాను. ఇప్పుడు ఆయుధపూజ నాడు మా వర్కుషాపులో బొట్లు పెట్టే పని నాదే. కొలతల పుస్తకాలకు పుట చివర, అక్షరం లేని మూల వెతికి పెడతాను. "నడిమధ్య పెట్టుకోక, అదేం మూలకి పెట్టడం?" అని మా ఆవిడ ఏటా అడుగుతుంది. ఏటా చెప్పబోయి ఊరుకుంటాను.

పని మీద సిరుగుప్ప వైపు వెళ్ళినప్పుడల్లా బస్సు ఆ వంతెన దగ్గర ఆగేది. సాబు కిటికీల్లోకి తొంగిచూసి, నన్ను పోల్చుకుని, బస్సులో జనమంతా వినేలా, "ఇంజినీరప్పా, బ్రేకు ఏ కాలు?" అని కేకేసేవాడు. "ఎడమకాలు సాబూ," అని నేను బదులిచ్చేదాకా ఎర్రగుడ్డ దించేవాడు కాదు. జనం నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. పోయిన ఏడు వానాకాలంలో సాబు పోయాడు. రాయి ఖాళీగా ఉంది. అయినా అలవాటుకొద్దీ మా బస్సు డ్రైవరు అక్కడికి రాగానే వేగం తగ్గిస్తాడు. మొన్న వెళ్ళినప్పుడు గమనించుకున్నాను: బస్సు మలుపు తిరుగుతుంటే, సీటులో ఊరికే కూర్చున్న నా ఎడమకాలు తనంతట తాను నేలను గట్టిగా నొక్కిపెట్టింది. పదకొండో అంశం నేర్చుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆ పద్నాలుగు టిక్కుల కుర్రవాణ్ణి తలచుకుని కొంచెం నవ్వుకున్నాను, బస్సు వంతెన దాటేదాకా.